డబ్బు ఖర్చు కాకుండా విహారయాత్ర: నిజంగా కుదిరే దారులు చెప్పండి

కూకట్‌పల్లి_శేఖర్
దసరా సెలవులు దగ్గర పడ్డాయి. పాప, బాబు ఇద్దరూ ఎక్కడికైనా తీసుకెళ్లమని రోజూ అడుగుతున్నారు. నాది ప్రైవేటు ఉద్యోగం. జూన్‌లో బడి ఫీజులు కట్టాక చేతిలో ఏమీ మిగలలేదు. అప్పు చేసి ఊళ్లు తిరగడం నాకు ఇష్టం లేదు.

ఇంతలో నిన్న ఒక ఫోను వచ్చింది. ఆ మధ్య ఒక షాపింగ్ మాల్‌లో లక్కీ డ్రా కూపన్ నింపాం. అందులో మా పేరు వచ్చిందట. గోవాలో మూడు రాత్రుల బస ఉచితమట. ఆదివారం సాయంత్రం ఫలానా హోటల్‌కు భార్యతో కలిసి రావాలి, గంటన్నర కూర్చుని వాళ్లు చెప్పేది వినాలి, క్రెడిట్ కార్డు వెంట తెచ్చుకోవాలి అన్నారు. వెళ్లవచ్చా? ఇది కాకపోతే ఖర్చు లేకుండా, లేదా దారి ఖర్చులతోనే తిరిగి రాగలిగే మార్గాలు మీకు తెలిసినవి చెప్పండి.

న్యాయం_కావాలి
వెళ్లకండి. బహుమతి ఇచ్చేవాళ్లకు మీ క్రెడిట్ కార్డుతో పనేమిటి? అది హాలిడే క్లబ్ సభ్యత్వం అమ్మే సమావేశం. ఇద్దరినీ రమ్మనడం ఎందుకంటే, "ఇంటికెళ్లి మా ఆవిడను అడిగి చెబుతాను" అని తప్పించుకునే వీలు మీకు ఉండకూడదని. గంటన్నర అన్నది మూడు గంటలు సాగుతుంది. హోరుమనే సంగీతం, పక్క బల్ల దగ్గర ఎవరో చేరారని చప్పట్లు, ఈ ధర ఈ ఒక్క రోజుకే అనే తొందర. చివరికి లక్షల్లో ఉండే సభ్యత్వాన్ని వాయిదాల పేరుతో మీ కార్డు మీద వేస్తారు. ఆ ఉచిత కూపన్ చేతికొచ్చినా పన్నులు వేరే, పండుగ రోజుల్లో చెల్లదు, రానుపోను ఖర్చులూ తిండీ మీవే.

ఇప్పటికే డబ్బు కట్టి బాధపడుతున్నవాళ్లు ఇది చదువుతుంటే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. కంపెనీ ఆఫీసు ఎక్కడో ఉందని భయపడనక్కర్లేదు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే రుసుము కూడా లేదు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. రసీదులు, వాట్సాప్ సందేశాలు, సంతకం పెట్టిన ఒప్పందం జాగ్రత్తగా దాచుకోండి. నోటితో ఇచ్చిన హామీ కాగితం మీద లేకపోతే నిలబెట్టడం చాలా కష్టం.

సీతాఫలం
మా బావగారు అలాంటి సభ్యత్వమే తీసుకున్నారు. పిల్లల సెలవుల్లో గది అడిగితే నిండిపోయాయంటారు. బడులు నడిచే రోజుల్లో అయితే ఎక్కడ కావాలన్నా ఖాళీయే! ఏటా కట్టే నిర్వహణ రుసుముకు మాత్రం ఫోను తప్పదు.

లెక్కల_మాస్టారు
శేఖర్ గారికి పనికిరాదు గానీ, ఇక్కడ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు చాలామంది ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. ఎల్టీసీని, అంటే సెలవు ప్రయాణ రాయితీని, వదులుకునేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. నాలుగేళ్ల బ్లాకులో రెండేళ్లకోసారి సొంత ఊరికి, అందులో ఒకదానికి బదులు దేశంలో ఎక్కడికైనా కుటుంబం మొత్తానికి దారి ఖర్చులు ప్రభుత్వమే ఇస్తుంది.  2022–25 బ్లాకును వాడుకోనివారికి 2026 చివరి వరకు గడువు ఇచ్చారు. సొంత ఊరి ప్రయాణానికి బదులు అండమాన్, జమ్మూ కశ్మీర్, లద్దాఖ్, ఈశాన్య రాష్ట్రాలకు విమానంలో వెళ్లే సడలింపు కూడా ఉంది. మామూలుగా విమాన ప్రయాణానికి అర్హత లేని హోదాలో ఉన్నవారికీ అది వర్తిస్తుంది. టికెట్ ఖర్చులో 90 శాతం దాకా ముందే తీసుకోవచ్చు. వెళ్లేటప్పుడు పది రోజుల ఆర్జిత సెలవును నగదుగా మార్చుకుంటే ఆ డబ్బే బసకు, భోజనానికి సరిపోతుంది.

ఒక హెచ్చరిక. "టికెట్ ధరలో హోటల్ కూడా కలిపేస్తాం, మీకు అంతా ఉచితం" అనే ఏజెంట్లు తిరుగుతుంటారు. వాళ్ల దగ్గరికి పోవద్దు. విమాన టికెట్లు ప్రభుత్వం గుర్తించిన ఏజెంట్లైన బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ ద్వారానే కొనాలి. దొంగ బిల్లు పెట్టి ఉద్యోగం మీదికి తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు.

పన్ను_పోటు
మాస్టారూ, ప్రైవేటువాళ్లకు ఉన్న ఎల్టీఏ (సెలవు ప్రయాణ భత్యం) గురించి కూడా ఒక మాట చెప్పాలి. జీతంలో ఆ పద్దు ఉంటే, పాత పన్ను విధానంలో ఉన్నవారికి నాలుగేళ్లలో రెండు ప్రయాణాల చార్జీల మీద పన్ను మినహాయింపు వస్తుంది. కొత్త విధానంలోకి మారితే అది లేదు. అయినా పన్ను తగ్గుతుందే తప్ప ప్రయాణం ఉచితం కాదు.

గోదారిగట్టు
శేఖర్ గారూ, మీకు సరిగ్గా సరిపోయేది నాందేడ్, అక్కడి నుంచి ఓపిక ఉంటే అమృత్‌సర్. గోదావరి ఒడ్డునే సిక్కుల గురుద్వారా హజూర్ సాహిబ్ ఉంది. గురు గోవింద్ సింగ్ 1708లో తుదిశ్వాస విడిచిన చోటు. లంగర్‌లో, అంటే అక్కడి ఉచిత భోజనశాలలో, ఏ వేళకు వెళ్లినా పళ్లెం చేతికిచ్చి కూర్చోబెడతారు. కులమూ మతమూ ఎవరూ అడగరు. తల మీద గుడ్డ కప్పుకోవాలి, కాళ్లు కడుక్కుని వెళ్లాలి, అంతే. బస ఖర్చు కూడా చాలా తక్కువ. నిజామాబాద్ దాటితే ఎంతో దూరం లేదు, దారిలో బాసర చూసుకోవచ్చు.

నాందేడ్ నుంచి సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్ నేరుగా అమృత్‌సర్‌కు వెళ్తుంది. స్లీపర్ టికెట్ ఒక్కటే ఖర్చు. స్వర్ణ దేవాలయం సరాయిలలో తలదాచుకోవచ్చు. భోజనం సంగతి చెప్పనక్కర్లేదు, రాత్రీ పగలూ వడ్డిస్తూనే ఉంటారు. జలియన్‌వాలా బాగ్ నడిచి వెళ్లేంత దగ్గర, ప్రవేశం ఉచితం. 1919లో పేలిన తూటాల గుర్తులు గోడల మీద ఇంకా ఉన్నాయి. పిల్లలు పాఠంలో చదివినదాన్ని కళ్లారా చూస్తారు.

మితభాషి
గోదారిగట్టు గారూ, ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. భక్తితో వచ్చేవాళ్ల కోసం దాతలు పెట్టిన అన్నాన్ని మనం విహారయాత్ర ఖర్చు తగ్గించుకోవడానికి వాడుకోవడం న్యాయమేనా? సత్రాన్ని హోటల్‌లా చూడటం నాకు నచ్చదు.

గోదారిగట్టు
కోపం ఎందుకు. లంగర్ పెట్టిందే ఎవరు వచ్చినా పక్కపక్కన కూర్చుని తినాలని. అయితే తిని లేచి పోకూడదు అన్నది నా అభిప్రాయం కూడా. అక్కడ పళ్లేలు కడగవచ్చు, వెల్లుల్లి ఒలవవచ్చు, రొట్టెలు వత్తవచ్చు. మా పిల్లలు ఇంట్లో గ్లాసు తీయరు గానీ అక్కడ పళ్లేలు కడుగుతుంటే లేపి తీసుకురావడం మా వల్ల కాలేదు.

సీతాఫలం
ఆ ఉత్సాహం ఇంటిదాకా వచ్చేలా రైల్లో పార్సెల్ చేసే వీలుందా?

కొండమెట్లు
మితభాషి గారి సందేహానికి తిరుమలలో మంచి జవాబు ఉంది, శ్రీవారి సేవ. 2000లో మొదలైంది. ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుని వారం రోజులు సేవ చేస్తే బస, భోజనం దేవస్థానానివే, చివర్లో దర్శనం కూడా. కూరగాయలు తరగడం, అన్నప్రసాదం వడ్డించడం, క్యూలైన్లలో పాలు, నీళ్లు అందించడం, ఎక్కడ వేస్తే అక్కడ చేయాలి. దారి ఖర్చు మాత్రం మనదే. పిల్లలతో కుదరదు కాబట్టి శేఖర్ గారికి ఇప్పుడు కాదు, మీ అమ్మానాన్నలు ఓపికగా ఉంటే వాళ్లకు చెప్పండి.

మామూలు యాత్రికులకు కూడా కొండ మీద ఖర్చు పెద్దగా ఉండదు. అలిపిరి నుంచి నడిస్తే సామాను వాళ్లే పైకి చేరుస్తారు. 3,550 మెట్లు. యాత్రికుల వసతి సముదాయాల్లో లాకరు, పడుకోవడానికి చోటు ఉచితం. నిత్యాన్నదానం 1985 నుంచి సాగుతూనే ఉంది. కొండ మీద తిరగడానికి ఉచిత బస్సులు ఉన్నాయి.

అర్ధరాత్రి_చదువరి
సత్రాల గురించి ఒక చేదు మాట చెప్పక తప్పదు. శ్రీశైలంలోనూ కాశీలోనూ మన తెలుగువాళ్ల సత్రాలు చాలావాటికి కులం పేరే బోర్డు మీద ఉంటుంది. మీరు ఏ కులమో అడిగిన తర్వాతే గది సంగతి మాట్లాడతారు. అలాంటి చోట మా నాన్నగారు, ఆ ప్రశ్న వినగానే సంచి భుజాన వేసుకుని బయటికి వచ్చేశారు. డబ్బు మిగలడానికి మనిషి అంత తగ్గనక్కర్లేదు. అందుకే గోదారిగట్టు గారి మాట నాకు నచ్చింది.

విపశ్యన_మిత్రుడు
ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరానికి రుసుము లేదు. హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీద ధమ్మ ఖేత్త ఉంది. గది, భోజనం అన్నీ అంతకుముందు శిబిరం పూర్తి చేసినవారి విరాళాలతో నడుస్తాయి.

సీతాఫలం
తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు, పదో రోజు దాకా మాట్లాడకూడదు, ఫోను వాళ్లకే అప్పగించాలి, కొత్తవాళ్లకు సాయంత్రం పండ్లు, టీ మాత్రమే. మిత్రమా, ఇది సెలవుల్లో తిరిగి రావడం ఎలా అవుతుంది!

విపశ్యన_మిత్రుడు
విహారయాత్ర కాదు, నిజమే. విశ్రాంతి మాత్రం నాకు అంతగా మరెక్కడా దొరకలేదు. ఉచితం కదా అని వెళ్లేవాళ్లు మధ్యలో ఇబ్బంది పడతారు. నేర్చుకోవాలని వెళ్లండి.

పాలమూరు_పద్మ
ఇంతమంది ఇన్ని చెప్పారు, మన గుమ్మం ముందు ఆగే బస్సు ఎవరికీ గుర్తు రాలేదా? తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. రాష్ట్రంలో ఎంత దూరమైనా సరే. మా డ్వాక్రా సంఘం ఆడవాళ్లం ఆ బస్సుల్లోనే తిరుగుతున్నాం. యాదగిరిగుట్ట, వేములవాడ, భద్రాచలం, అన్నీ అలా చూసినవే.

వాటన్నిటిలో రామప్ప వేరు. మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్, అక్కడ బస్సు మారి హనుమకొండ, మళ్లీ మారి ములుగు, అక్కడి నుంచి పాలంపేట. రాత్రి హనుమకొండలో మా సభ్యురాలి అక్కగారి ఇంట్లో పడుకున్నాం. సద్దిమూటలు మావే. ఖర్చల్లా ఆటోలకు, టీకి అయింది. 1213 నాటి గుడి. ఆ ఇటుకలు నీళ్లలో తేలతాయట. 2021లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. మా గుంపులో చాలామంది పెళ్లయ్యాక పుట్టింటికీ ఆసుపత్రికీ తప్ప వేరే చోటికి బస్సు ఎక్కనివాళ్లు. కప్పు కింద ఏటవాలుగా నిలబడ్డ ఆ నల్లరాతి బొమ్మల దగ్గర నుంచి ఒక్కరూ కదలలేదు. ఒక బొమ్మ కాళ్లకు ఎత్తుమడమల చెప్పులు ఉన్నాయని చూసి నవ్వుకున్నారు. "రాయిని ఇంత సన్నగా ఎలా చెక్కారు" అని మా లక్ష్మమ్మ గైడును అడుగుతుంటే విని నాకు కళ్లు చెమర్చాయి. ఆమె రోజూ కూలికి రాళ్లు మోస్తుంది.

శేఖర్ గారూ, మీ ఆవిడకు, పాపకు టికెట్ లేదు, బాబుకు అర టికెట్. మీ ఒక్కరికే పూర్తి చార్జీ. ఆధార్ తీసుకెళ్లండి, జీరో టికెట్ తప్పకుండా అడిగి తీసుకోండి. సూపర్ లగ్జరీ, రాజధాని ఎక్కితే మాత్రం అందరికీ డబ్బులే.

ఉదయం_డ్యూటీ
నేను చెప్పేది చాలామందికి నచ్చదు. రోజూ బస్సులో ఉద్యోగానికి వెళ్లేవాడిని. టికెట్ కొని కూడా నిలబడి వెళ్తున్నాను. పనికి, కాలేజీకి, ఆసుపత్రికి వెళ్లే ఆడవాళ్లకు ఉచితం కావాలి, దానికి నేను పూర్తిగా అనుకూలం. గుడులూ చెరువులూ చూడటానికి గుంపులుగా ఎక్కితే అవసరం ఉన్నవాళ్లకు సీటు దొరకదు కదా.

పాలమూరు_పద్మ
తమ్ముడూ, గుడి చూడటం అవసరం కాదని ఎవరు నిర్ణయించారు? మగవాళ్లు సెలవు పెట్టి స్నేహితులతో ఊళ్లు తిరిగితే అది హక్కు, కూలికి పోయే ఆడది ఏడాదికి ఒక పూట ఊరు దాటితే అది దుబారానా? పొద్దున లేచింది మొదలు ఇంటి చాకిరీ, పొలం చాకిరీ చేసే మనిషికి సెలవు అన్నది ఏ కాగితం మీదా రాసి లేదు. మా లక్ష్మమ్మకు ఎల్టీసీ ఎవరిస్తారు? ఈ బస్సే ఆమెకు ఎల్టీసీ.

లెక్కల_మాస్టారు
పద్మ గారూ, ఈ మాటకు నా నమస్కారం.

ఉదయం_డ్యూటీ
అక్కా, మీ మాట కాదనను. నా కోపం ఆడవాళ్ల మీద కాదు, ఎక్కేవాళ్లు ఇంత పెరిగినా బస్సులు ఆ మేరకు పెంచకపోవడం మీద. ఒక్క మనవి, గుంపుగా వెళ్లేవాళ్లు ఆదివారమో రెండో శనివారమో పెట్టుకుంటే, లేదా ఉదయం పదింటి తర్వాత బయలుదేరితే ఉద్యోగాలకు వెళ్లేవాళ్లకు ఊపిరి ఆడుతుంది.

పాలమూరు_పద్మ
పదింటి తర్వాత అన్న మాట బాగుంది. సంఘంలో చెబుతాను. ఆదివారం మాత్రం గుడుల దారిలో ఇంకా రద్దీ.

జమ్మలమడుగు_జ్యోతి
ఆంధ్రప్రదేశ్‌లో కూడా 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద ఉచితం. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్. తెలంగాణ ఆధార్ ఇక్కడ చెల్లదు, ఇక్కడిది అక్కడ చెల్లదు, రాష్ట్రం దాటే బస్సులకు లేదు. మా దగ్గరికి వస్తే గండికోట చూడండి. పెన్నా నది కొండల్ని కోసుకుంటూ పోయిన లోయ అది. పొద్దు వాలే వేళ అంచున నిలబడితే మాట రాదు. పిల్లల చేతులు మాత్రం గట్టిగా పట్టుకోండి, అన్ని చోట్లా కంచె లేదు.

బ్యాక్‌ప్యాక్_బాలు
నాలాంటి విద్యార్థులకు వేరే దారులు ఉన్నాయి. యువ సంగమ్‌కు దరఖాస్తు పెట్టండి. 18 నుంచి 30 ఏళ్ల మధ్యవారిని కేంద్రం తన ఖర్చుతో ఇంకో రాష్ట్రానికి తీసుకెళ్లి చూపిస్తుంది. ప్రయాణం, బస, భోజనం అన్నీ వాళ్లవే. కాలేజీలో ఎన్ఎస్ఎస్, ఎన్‌సీసీ ఉంటే సాహస శిబిరాలు, ట్రెక్కింగులు కూడా దాదాపు ఖర్చు లేకుండా వస్తాయి. పర్యాటకులు దిగే కొన్ని హాస్టళ్లలో రోజుకు కొన్ని గంటలు పనిచేస్తే మంచం, అల్పాహారం ఇస్తారు. వర్క్‌అవే లాంటి సైట్లలో విదేశాల్లో కూడా దొరుకుతాయి.

డల్లాస్_రావు
బాలు, విదేశాల విషయంలో జాగ్రత్త. జీతం లేకపోయినా, బస కోసం చేసే పనిని కూడా చాలా దేశాలు ఉద్యోగంగానే చూస్తాయి. పర్యాటక వీసా మీద వచ్చి, "ఒక ఇంట్లో పని చేస్తూ ఉంటాను" అని విమానాశ్రయంలో చెబితే అటు నుంచి అటే తిప్పి పంపేస్తారు. వీసా నియమం చదవకుండా టికెట్ కొనవద్దు.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఒక మాట. పిల్లలు నాలుగో తరగతిలో ఉంటే ఎవ్రీ కిడ్ అవుట్‌డోర్స్ పాసు తీసుకోండి, కారులో ఉన్న కుటుంబానికంతటికీ ఆ ఏడాది నేషనల్ పార్కుల్లో ప్రవేశం ఉచితం. వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియాలకు ఎప్పుడూ టికెట్ లేదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు మేం అక్కడికే తీసుకెళ్తాం.

కార్డుల_కిరణ్
క్రెడిట్ కార్డు పాయింట్లతో విమాన టికెట్లు తీసుకోవచ్చు. నేను ఎప్పుడూ అలాగే వెళ్తాను.

పన్ను_పోటు
కిరణ్ గారూ, నెలనెలా బిల్లు పూర్తిగా కట్టేవారికి సరే. ఒక్క నెల బాకీ పడితే నెలకు మూడున్నర శాతం, కొన్ని కార్డుల్లో అంతకంటే ఎక్కువ వడ్డీ, దాని మీద జీఎస్టీ. అప్పు చేయనని మొదటే రాసిన మనిషికి ఈ సలహా వద్దు.

విశాఖ_వాసు
మేం ఇళ్లు మార్చుకుంటాం. మాకు మద్దిలపాలెంలో ఇల్లు, హైదరాబాద్‌లో ఉండే స్నేహితుడు మా ఇంటికి వస్తాడు, మేం వాళ్లింటికి వెళ్తాం. వాళ్లకు సముద్రం, మాకు గోల్కొండ, సాలార్‌జంగ్. పురావస్తు శాఖ కట్టడాల్లో 15 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు కాబట్టి అదీ కలిసొస్తుంది. హోటల్ ఖర్చు పోతుంది, వంటిల్లు ఉంటుంది కాబట్టి బయటి తిండి ఖర్చూ తగ్గుతుంది. బాగా తెలిసినవాళ్లతోనే చేయండి. వాచ్‌మన్‌కు, పక్కింటివారికి ముందే చెప్పాలి. బీరువా తాళం వేసుకోవడంలో మొహమాటం వద్దు. గ్యాస్ అయిపోతే కొత్త సిలిండరు ఎవరు తేవాలో ముందే మాట్లాడుకుంటే స్నేహం నిలుస్తుంది.

అమ్మమ్మ_మనవరాలు
ఇంత వెతకడం ఎందుకు, బంధువుల ఇళ్లు లేవా? మా చిన్నప్పుడు వేసవి అంతా అమ్మమ్మ ఊళ్లోనే గడిచేది.

అర్ధరాత్రి_చదువరి
నిజమే, పిల్లలకు అంతకన్నా స్వర్గం లేదు. ఆ స్వర్గంలో పొయ్యి దగ్గర నిలబడింది ఎవరో కూడా గుర్తు చేసుకుందాం. ఇంటినిండా జనం దిగితే అమ్మమ్మకు, అత్తకు సెలవులు ఉండేవి కావు. వెళ్లేవాళ్లు బియ్యం, నూనె, కూరగాయలు పట్టుకెళ్లాలి, మగవాళ్లు వంటింట్లో దూరాలి.

కూకట్‌పల్లి_శేఖర్
అందరికీ కృతజ్ఞతలు. ఆ ఫోను నంబరుకు రామని చెప్పేశాం. ఇంకా రెండుసార్లు చేశారు, ఎత్తలేదు. మా ఆవిడ ఈ చర్చ మొత్తం చదివి, పద్మ గారి రామప్పకే వెళ్దామంది. హనుమకొండలో వాళ్ల చిన్నమ్మ ఉంది. సరుకులు మేమే తీసుకెళ్తాం, ఒక పూట వంట నేనూ పిల్లలూ చేస్తామని ముందే ఫోనులో చెప్పాం. ఆవిడ ఒప్పుకోవడానికి చాలాసేపు పట్టింది. నాందేడ్ సంక్రాంతికి. గోదారిగట్టు గారిని అప్పుడు మళ్లీ విసిగిస్తాను.

పద్మ గారూ, హనుమకొండ నుంచి పొద్దున వెళ్లి అదే రోజు సాయంత్రానికి వచ్చేయవచ్చా? లక్నవరం చెరువు కూడా కలుస్తుందా?

పాలమూరు_పద్మ
పొద్దున్నే బయలుదేరితే రామప్ప హాయిగా చూసి రావచ్చు. ములుగు దాకా బస్సులు బాగానే ఉంటాయి, అక్కడి నుంచి పాలంపేటకు తక్కువ. దిగగానే తిరుగు బస్సు వేళ కండక్టరును అడిగి పెట్టుకోండి, లేదంటే ఆటో మాట్లాడుకోవాలి. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే పిల్లలు అలసిపోతారు, లక్నవరం మర్నాటికి ఉంచండి. వేలాడే వంతెన మీద ఎలాగూ వాళ్లు తొందరగా కదలరు. సద్ది కట్టుకుని వెళ్లండి. పులిహోర అయితే సాయంత్రం దాకా పాడవదు.